ఇంటి పరికరాలకు బయటి దారి: డీడీఎన్ఎస్ మేలా, టెయిల్‌స్కేల్ మేలా?

ఇంటికి దూరంగా ఉన్నప్పుడు కెమెరా చూడాలన్నా, నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ పెట్టె)లోని ఫైలు తెచ్చుకోవాలన్నా ఇంటి ఐపీ అడ్రస్ కావాలి. అదేమో రూటర్ రీస్టార్ట్ అయితే చాలు, మారిపోవచ్చు. మారినప్పుడల్లా కొత్త ఐపీని మీరు ఎంచుకున్న ఇంటర్నెట్ పేరుకు తగిలించడమే డైనమిక్ డీఎన్ఎస్ (డీడీఎన్ఎస్) చేసే పని. డక్‌డీఎన్ఎస్ అనే సర్వీసులో పేరు ఉచితం.

పేరు దొరికినంత మాత్రాన తలుపు తెరుచుకోదు, రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లో ఫలానా పరికరానికి పంపే సెట్టింగు) కూడా చేయాలి. ఒకసారి సాయంత్రమంతా ఆ సెట్టింగులతో కుస్తీ పట్టాను. డీడీఎన్ఎస్ అప్‌డేట్ అయిందని పచ్చ టిక్కు కనిపిస్తూనే ఉంది, కనెక్షన్ మాత్రం రాదు! తీరా చూస్తే రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్) 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి సీజీనాట్‌కు కేటాయించినవి. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకు పంచారన్నమాట. కంపెనీ వైపు ఉన్న ఆ నాట్‌లో (అడ్రస్‌లు మార్చి పంపే వ్యవస్థలో) మనం పోర్టు తెరవలేం.

మన పరికరాలను ప్రైవేటుగా కలిపే టెయిల్‌స్కేల్ యాప్‌కు ఈ బాధ లేదు. ఇంట్లో పరికరమూ, చేతిలో ఫోనూ రెండూ లోపలి నుంచే బయటికి కనెక్ట్ అవుతాయి. నేరుగా కలవడం కుదరకపోతే రిలే సర్వర్ మీదుగా వెళ్తుంది, కాస్త నెమ్మదిగా. చిక్కల్లా లాగిన్ కోసం వాళ్ళ సర్వర్ల మీద ఆధారపడటం, చూసే ప్రతి ఫోన్లో యాప్ పెట్టడం. కెమెరాలో యాప్ పెట్టలేం కదా, దానికి రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌ను సబ్‌నెట్ రూటర్‌గా (యాప్ లేని పరికరాలకు దారి చూపే వంతెనగా) ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలి.

ముందు వాన్ ఐపీ, బయట కనిపించే ఐపీ ఒకటేనా చూడండి. కాకపోతే టెన్షన్ పడకుండా టెయిల్‌స్కేల్ పెట్టేయండి. ఒకటే అయితే నా ఓటు డీడీఎన్ఎస్‌కే, కానీ వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో కలిపి. తెరిచేది దాని యూడీపీ పోర్టు ఒక్కటే, మామూలుగా 51820. సరైన కీ లేని ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ అసలు బదులే ఇవ్వదు. కెమెరా పేజీని నేరుగా బయట పెట్టొద్దు. 2016 అక్టోబరులో మిరాయ్ బాట్‌నెట్ (హ్యాకర్లు గుప్పిట్లో పెట్టుకున్న పరికరాల గుంపు) డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో వదిలేసిన కెమెరాలనూ, డీవీఆర్‌లనూ పోగేసి పడగొట్టింది ఎవరినో తెలుసా? డైనమిక్ డీఎన్ఎస్‌తోనే పేరు తెచ్చుకున్న డిన్ సంస్థను.

ఇంకొకటి, వైర్‌గార్డ్ మీ డీడీఎన్ఎస్ పేరును మొదట కనెక్ట్ అయ్యేటప్పుడే చూసుకుంటుంది. మధ్యలో ఐపీ మారి లైన్ ఆగిపోతే, ఫోన్లో టన్నెల్ ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి.