కాట్స్‌వోల్డ్స్‌లో ఒక రోజు: ఏ ఊళ్లో ఆగాలి, ఏది చూసి కదలాలి

ఇంగ్లండ్‌లో పాత రాతి ఇళ్ల పల్లెలున్న కొండ ప్రాంతం కాట్స్‌వోల్డ్స్. అక్కడికి వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోటోల్లో ఎక్కువగా కనిపించేవి రెండే ఊళ్లు, బైబరీ, బోర్టన్-ఆన్-ది-వాటర్. జూన్‌లో ఒక గురువారం అమ్మానాన్నలను రెడింగ్ నుంచి కారులో అటు తీసుకెళ్లాను. నన్నడిగితే ఆ రెండు ఊళ్లకూ కలిపి గంటన్నర చాలు. మిగతా పొద్దంతా బర్‌ఫోర్డ్, స్టో, చిప్పింగ్ క్యాంప్‌డెన్ లాంటి పాత సంత ఊళ్లకు ఇవ్వాలి. అక్కడ కూర్చోడానికి చోటుంటుంది, తినడానికి దొరుకుతుంది, చూడటానికి ఫోటోకి మించింది ఉంటుంది.

ఆరున్నరకల్లా బయల్దేరాం. ఆక్స్‌ఫర్డ్ దాకా ఏ34 రోడ్డు, అక్కడి నుంచి ఏ40. పెద్ద రోడ్లతో ఇబ్బంది లేదు. అసలు పని బర్‌ఫోర్డ్ దాటాక మొదలవుతుంది. లోపలి దారులు మన పొలాల మధ్య పుంతల్లా ఉంటాయి. రెండు పక్కలా నిలువెత్తు పొదలు, ఒక్క కారే పట్టే వెడల్పు. బోర్డు మీద గంటకు 60 మైళ్లని ఉందని ఎవరూ ఆ వేగంతో పోరు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే దగ్గర్లో రోడ్డు కాస్త వెడల్పైన చోటు ఎవరికుంటే వాళ్లు వెనక్కి తీయాలి. దారిచ్చినవాళ్లకు చెయ్యెత్తడం అక్కడి మర్యాద. కొత్తగా డ్రైవింగ్ చేసేవాళ్లకు టెన్షన్ తప్పదు. జీపీఎస్ దగ్గరి దారి అని చూపించినా వినకుండా, నంబరున్న రోడ్డే పట్టుకుంటే మేలు.

బైబరీకి ఎనిమిదింటికి చేరాం. కోల్న్ నది ఒడ్డున ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ల వరస ఉంది. 1380లో మఠంవాళ్లు ఉన్ని దాచడానికి కట్టిన కొట్టమది. 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. ఎదురుగా ఉన్న చిత్తడి పచ్చికలో నేసిన బట్టలు ఆరేసేవాళ్లట. ఇప్పటికీ జనం కాపురముంటున్న ఇళ్లవి, కిటికీల దగ్గర ఆగి తొంగిచూడకండి. వాటిలో ఒకదాన్ని పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ పర్యాటకులకు అద్దెకిస్తుంది కూడా. కానీ ఇంతమంది కెమెరాల మధ్య నిద్రలేవడం నాకైతే వద్దు. మేం బయటపడే వేళకే టూరిస్టు బస్సులు దిగడం మొదలైంది.

అక్కడి నుంచి వెనక్కి బర్‌ఫోర్డ్ వచ్చాం. ఆ రోజు చూసిన ఊళ్లలో నాకు బాగా నచ్చింది ఇదే. హై స్ట్రీట్ కొండ మీద నుంచి విండ్‌రష్ నది దాకా వాలుగా దిగుతుంది, చివర మధ్యయుగపు రాతి వంతెన. నది దగ్గరి కారు పార్కింగ్ మేం వెళ్లినప్పుడు ఉచితం. కిందికి నడవడం హాయి, పైకి ఎక్కేటప్పుడు అమ్మ రెండుచోట్ల ఆగింది. బల్లలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

సోషల్ మాస్టారుగా రిటైరైన నాన్న అక్కడి చర్చి నుంచి ఓ పట్టాన కదల్లేదు. 1649లో, ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజును ఓడించిన పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ మీద తిరగబడ్డ సైనికులను ఆ చర్చిలోనే బంధించారు. మే 17న వారిలో ముగ్గురిని ప్రాంగణంలో కాల్చి చంపారు. బందీల్లో ఆంథనీ సెడ్లీ అనే ఒకాయన బాప్టిజం తొట్టి మీద తన పేరు, ఆ ఏడు, 'ఖైదీ' అన్న మాట చెక్కాడు. ఆ గీతలు ఇప్పటికీ వేలితో తడిమేంత స్పష్టంగా ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు, విరాళం పెట్టె ఉంది.

బోర్టన్ గురించి క్లుప్తంగా చెప్తాను. నది మీద పొట్టి పొట్టి వంతెనలు, ఒడ్డున పచ్చిక, పదకొండింటికే తిరునాళ్ల. 1937లో తెరిచిన మోడల్ విలేజ్ మాత్రం పిల్లలుంటే తప్పక చూపించండి. ఆ ఊరినే తొమ్మిదో వంతు సైజులో రాయితో కట్టారు.

స్టో-ఆన్-ది-వోల్డ్ దాదాపు 800 అడుగుల ఎత్తున ఉంటుంది, జూన్‌లోనూ గాలి చురుగ్గా తగిలింది. ఊరి నడుమ సంత మైదానం, దాని నుంచి ఇళ్ల మధ్యకు చీలే సన్నటి సందులు. గొర్రెలను సంతకు తోలుకొచ్చేటప్పుడు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేందుకు అలా కట్టారని స్థానికులు చెబుతారు. భోజనం విషయంలో ఒక్క మాట. ఇక్కడ చాలా పబ్బుల్లో వంటిల్లు రెండున్నరకు మూసేస్తారు. మేం ఒంటిగంటకే కూర్చున్నాం. అమ్మ శాకాహారి. ఆమెకు చీజ్, బీన్స్ వేసిన జాకెట్ పొటాటో (తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప) దొరికింది, కానీ తెచ్చుకున్న పులిహోర కారులో తిన్నాకే కడుపు నిండిందంది.

స్టోలో బస గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంతకుముందు ఒకసారి నేనూ మా ఆవిడా ఆ ఊళ్లోనే పాతకాలపు సత్రం లాంటి హోటల్లో దిగాం. వాలిన నేల, తలకు తగిలే దూలాలు, కింద నిప్పుగూడు, అన్నీ బాగున్నాయి. కాకపోతే లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, కింద బార్ మూసేదాకా నిద్రపట్టలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే ఆక్స్‌ఫర్డ్ శివార్లలో ప్రీమియర్ ఇన్ లాంటి సాదా హోటల్ తీసుకుని పొద్దున్నే బయల్దేరడం నయం.

స్టో నుంచి కొద్ది మైళ్లలోనే డేల్స్‌ఫోర్డ్. బెంగాల్ గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్ తన పూర్వీకుల ఎస్టేట్‌ను 1788లో తిరిగి కొనుక్కున్నది ఇక్కడే. ఆయన మీద పార్లమెంటులో విచారణ మొదలైందీ ఆ ఏడే. ఏడేళ్లు నడిచి నిర్దోషిగా తేలాడు. సమాధి చర్చి ఆవరణలో ఉంది. ఇల్లు ప్రైవేటుది, లోపలికి వెళ్లలేం. హేస్టింగ్స్ పాఠం ఎన్నేళ్లు చెప్పారో గానీ, నాన్న ఆ సమాధి ముందు ఏమీ మాట్లాడలేదు. కారెక్కాక "ఇంత ప్రశాంతమైన చోటా!" అన్నారు.

మోర్టన్-ఇన్-మార్ష్ దగ్గరి సీజిన్‌కోట్ మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఈస్టిండియా కంపెనీలో సంపాదించిన సర్ చార్లెస్ కాకరెల్ కోసం ఆయన అన్నదమ్ముడు, వాస్తుశిల్పి శామ్యూల్ పెప్స్ కాకరెల్ 1805 ప్రాంతంలో కట్టిన భవనమది. ఇంగ్లీషు పచ్చిక మధ్య మొఘల్ తీరు గుమ్మటం, రాగి తొడుగు పచ్చబడిపోయింది. తోటకు థామస్ డేనియల్ సాయం చేశాడు, మన దేశంలో తిరిగి గుళ్లూ కోటలూ చిత్రించిన ఆయనే. కొలను పక్కన సూర్యుడి గుడి, వంతెన మీద వరసగా నందులు. అమ్మ చెప్పులు విడవబోయింది. 1807లో ఇది చూసి వెళ్లిన యువరాజు తర్వాత బ్రైటన్‌లో గుమ్మటాల ప్యాలెస్ కట్టించుకున్నాడు. తోటకు టికెట్ ఉంది. వారమంతా తెరిచి ఉండదు, మేం గురువారం ఎంచుకున్నది అందుకే.

చిప్పింగ్ క్యాంప్‌డెన్ చేరేసరికి టీ కొట్లు కట్టేసే వేళ. సర్ బాప్టిస్ట్ హిక్స్ 1627లో వెన్న, చీజ్, కోళ్లు అమ్మేవాళ్ల కోసం కట్టించిన మార్కెట్ హాలు వీధి మధ్యలో ఉంది. 1940ల్లో అది అమెరికాకు తరలిపోబోతే ఊరివాళ్లు చందాలేసుకుని కొని నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించారు. నేల రాళ్లు అరిగి ఎగుడుదిగుడుగా ఉన్నాయి, పెద్దవాళ్లు చూసి నడవాలి. 1902లో లండన్ నుంచి వచ్చి స్థిరపడిన చేతిపనివాళ్ల వారసత్వంగా పాత సిల్క్ మిల్లులో వెండి పని ఇప్పటికీ నడుస్తోంది. దానికోసమైనా ఈ ఊరికి ఇంకాస్త ముందుగా రండి.

చివరగా బ్రాడ్‌వే టవర్. 1,024 అడుగుల కొండ మీద ఉంటుంది. జూన్ అంటే రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుండే కాలం, కాబట్టి ఆఖర్న వెళ్లినా ఇబ్బంది లేదు. టవర్ ఎక్కకపోయినా పరవాలేదు, కొండ మీది నుంచే దూరం దాకా కనిపిస్తుంది.

కారు లేనివాళ్లు లండన్ ప్యాడింగ్టన్ నుంచి మోర్టన్‌కు నేరుగా రైల్లో రావచ్చు. అక్కడి నుంచి 801 బస్సు స్టో, బోర్టన్ మీదుగా వెళ్తుంది, ఆదివారాలు నమ్ముకోకండి. మంగళవారం వస్తే మోర్టన్ వారపు సంత దొరుకుతుంది, కానీ ఆ రోజు సీజిన్‌కోట్ తలుపులు మూసే ఉంటాయి.