గూగుల్ ప్లే మూవీస్: పదేళ్లు వాడాక నా మాట

మాది విజయవాడ, సత్యనారాయణపురం. నెట్‌లో సినిమాలు అద్దెకిచ్చే, అమ్మే యాప్ గూగుల్ ప్లే మూవీస్ 2013లో మన దేశానికొచ్చిన ఏడాదే మొదటి సినిమా అద్దెకు తీశాను. అప్పటిదాకా మాకు వీధి చివర సీడీల కొట్టే దిక్కు. గీతలు పడ్డ సీడీ సరిగ్గా ఇంటర్వెల్ తర్వాత ఆగిపోయేది. మర్నాడు కొట్టాయనతో వాదన. అలాంటిది శుభ్రమైన ప్రింటు ఇంట్లో కూర్చునే దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది.

అద్దెకు తీశాక 30 రోజుల్లో ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. మొదలుపెడితే మాత్రం 48 గంటల్లో చూసెయ్యాలి. ఈ లెక్క మా అమ్మకి అచ్చంగా సరిపోయింది. తొమ్మిదిన్నరకల్లా ఆవిడకి కళ్లు మూతలు పడతాయి, అందుకని ఇవాళ సగం, రేపు సగం. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే పొద్దున్నకి సినిమా ట్యాబ్‌లో ఉండేది. ఇక నెట్‌తో పనే లేదు. ఒక ఎండాకాలం కరెంటు పోయిన సాయంత్రం డాబా మీద చాపేసుకుని, ట్యాబ్‌ని నీళ్ల బిందెకి ఆనించి ముగ్గురం చూశాం. వెలుతురికి తెర మీద వాలే పురుగుల్ని అమ్మ సినిమా అయ్యేదాకా విసనకర్రతో తోలుతూనే ఉంది.

2016తో కథ మారిపోయింది. జనవరిలో నెట్‌ఫ్లిక్స్, సెప్టెంబరులో జియో, డిసెంబరులో ప్రైమ్ వీడియో. నెలకింతని కట్టి ఎన్నైనా చూసుకోమంటే, ఒక్క సినిమాకి విడిగా డబ్బులు ఎవరు పెడతారు? నేనూ చాలావరకు మానేశాను. 2020లో ఆహా వచ్చాక తెలుగు సినిమాల కోసం కూడా ప్లే మూవీస్ వైపు వెళ్లడం తగ్గింది. చివరికి 2024 జనవరిలో ఆండ్రాయిడ్ టీవీల్లోంచి ఆ యాప్‌నే తీసేశారు. కొన్న సినిమాలు మాత్రం పోలేదు. నావి పదకొండూ ఇప్పుడు యూట్యూబ్‌లో కనిపిస్తున్నాయి.

అన్నిచోట్లా ఇలా జరగదు. ఇంకో కంపెనీ దగ్గర రెండు సినిమాలు కొన్నాను. వాళ్లు కొట్టు కట్టేస్తున్నామని ఒక మెయిలు పంపారు, అంతే. అందులో ఒకటి మా నాన్నకి ఎంతో ఇష్టమైనది. ఆ బాధతో షరతులన్నీ కూర్చుని చదివాను. మనం ‘కొనండి’ అని నొక్కేది చూసే అనుమతి కోసమేనట, సినిమా మనది కాదు. గీతలు పడ్డ సీడీలు మాత్రం బీరువాలో ఇంకా ఉన్నాయి.

అందుకే కొనడం మానేశాను. పదే పదే చూసే సినిమా అయితే డిస్కు దొరుకుతుందేమో వెతుకుతాను. ఒక్కసారి చూసేదానికి మాత్రం నా ఓటు ఇప్పటికీ అద్దెకే. నెల నెలా కట్టే యాప్‌లలో ఒప్పందం అయిపోతే సినిమా చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. ఇక్కడ ఆ 48 గంటలూ కచ్చితంగా మనవే. నిన్న రాత్రి యూట్యూబ్‌లో అమ్మకి ఒకటి తీసిపెట్టాను. ఇంటర్వెల్ దగ్గర ఆపి పడుకుంది. మిగతాది ఈ సాయంత్రం.