కోనసీమలో మీడియం వేవ్: 837 కిలోహెర్ట్జ్‌ను ఏళ్ల తరబడి విన్న శ్రోత సమీక్ష

అమలాపురం పరిసరాల్లో ఉంటూ మీడియం వేవ్ రేడియోను ఏళ్ల తరబడి వింటున్న శ్రోతగా నా అభిప్రాయం ముందే చెబుతాను. పగటిపూట ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వినిపించినంత నిలకడగా ఈ డెల్టాలో మరే ప్రసారమూ నాకు వినిపించలేదు. పొద్దు గుంకిన తరువాత మాత్రం అదే కేంద్రాన్ని ఓపికగా, దిక్కు చూసుకుని పట్టుకోవలసి వస్తుంది. ఈ తేడాకు ప్రధాన కారణం ఒకే ఫ్రీక్వెన్సీని దేశదేశాల కేంద్రాలు పంచుకోవడమే.

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం మాకు దాదాపు నేరుగా పడమర దిక్కున, సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. 927 కిలోహెర్ట్జ్ మీద ప్రసారం చేసే విశాఖపట్నం కేంద్రం ఈశాన్యంగా ఇంకొంచెం దూరం. రెండింటివీ 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లే. మీడియం వేవ్ తరంగాలు పగలు నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తాయి కనుక, తడి ఎంత ఉంటే, ఉప్పు ఎంత ఉంటే అవి అంత తక్కువ నీరసిస్తాయి. విజయవాడ నుంచి మా వరకు ఉన్నదంతా కృష్ణా, గోదావరి నదులు పరిచిన ఒండ్రునేలా, వరిచేలూ, కాలువలూ కాబట్టి ఉదయం భక్తిరంజని, ప్రాంతీయ వార్తలు పక్క ఊరి నుంచి వస్తున్నంత స్పష్టంగా వినిపిస్తాయి. విశాఖ తరంగాలు కొంత దూరం సముద్రం మీదుగానే వస్తాయి. అంతర్వేది వైపు వెళ్లినప్పుడు 927 ఎంత బలంగా పలుకుతుందో విని తీరవలసిందే. 738 మీద హైదరాబాద్ మాత్రం పగలు సన్నగానే అందుతుంది.

చీకటి పడ్డాక వాయుమండలం పైభాగంలో పగలు ఈ తరంగాలను మింగేసే పొర మాయమై, పైనున్న పొరలు వాటిని వందల, వేల కిలోమీటర్ల అవతలికి తిప్పి పంపుతాయి. 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆసియా, ఐరోపా, ఆఫ్రికా దేశాలన్నిటికీ కలిపి 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ వరకు, 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో, ఉన్నవి 120 స్థానాలే. పగలంతా ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పనిచేసే కేంద్రాలు రాత్రి ఒకే స్థానంలో ఎదురెదురు పడటానికి మూలం ఇదే. రెండు కేంద్రాల తరంగాల మధ్య రెండు మూడు హెర్ట్జ్‌ల తేడా ఉన్నా, వార్తలు చదివే గొంతు అలల్లా లేచి పడుతూ ఉంటుంది.

దీనికి నేను నమ్ముకున్న ఉపాయం సెట్టును తిప్పడం. లోపల యాంటెనాగా పనిచేసే ఫెరైట్ కడ్డీ తనకు అడ్డంగా వచ్చే తరంగాన్ని బాగా పట్టుకుంటుంది, కొస వైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు వదిలేస్తుంది. కడ్డీని ఉత్తర దక్షిణాలుగా పెడితే విజయవాడ నిండుగా వస్తుంది. అడ్డొచ్చే కేంద్రం ఈశాన్యం నుంచి వస్తున్నదైతే, కడ్డీ కొసను అటు తిప్పి విజయవాడ బలాన్ని కొంత వదులుకున్నా సరే, మాట తేటగా తెలుస్తుంది. ఆ కేంద్రం కూడా పడమటి నుంచే వస్తుంటే ఎంత తిప్పినా ఫలితం ఉండదు, ఎందుకంటే దాన్ని అణిచే కోణమే విజయవాడనూ అణిచివేస్తుంది. అలాంటి రాత్రుళ్లు నేను విశాఖకు మారిపోతాను.

1485, 1584, 1602 స్థానాల సంగతి వేరు. అవి ఒక కిలోవాట్‌కు మించని చిన్న కేంద్రాల కోసమే ఉద్దేశించిన ఉమ్మడి స్థానాలు. పట్నానికీ దాని చుట్టూ ఉన్న పల్లెలకూ పగటి సేవగా ఈ ఏర్పాటు ఎంతో సమంజసమైనది. రాత్రి మా దగ్గర వింటే అక్కడ కలగాపులగంగా గొంతులు తప్ప మరేమీ ఉండదు.

అసలు బెంగ కలిగిస్తున్నది ఇంటి చుట్టూ పెరిగిన గరగర. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు కలిసి దూరపు కేంద్రాలను ముంచేస్తున్నాయి. కరెంటు పోయిన క్షణంలో రేడియో ఎంత నిర్మలంగా పలుకుతుందో చూస్తే, నష్టం ఏ స్థాయిలో ఉందో అర్థమవుతుంది.

అయినా ఈ సేవను తేలిగ్గా తీసుకోవడం నాకు సమ్మతం కాదు. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసినటువంటి తుపాను వచ్చినప్పుడు స్తంభాలు, టవర్లు ముందే కూలిపోవచ్చు. రెండు బ్యాటరీలతో నడిచే సెట్టుకు 150 కిలోమీటర్ల అవతలి ట్రాన్స్‌మిటర్ నిలబడి ఉంటే చాలు. ఎఫ్ఎం సంగీతానికి మెరుగే కానీ అంత దూరం రాదు.

కొత్తగా కొనేవారు కడ్డీ పొడవుగా ఉన్న సెట్టు ఎంచుకోవాలి. అంకెలు చూపించే సెట్టయితే మీడియం వేవ్ మెట్టు, అంటే ఒక్కో నొక్కుకు ఫ్రీక్వెన్సీ జరిగే దూరం, 9 కిలోహెర్ట్జ్‌లకు ఉందో లేదో దుకాణంలోనే సరిచూసుకోవాలి. అమెరికా పద్ధతిలో 10కి పెట్టి ఉంటే అది 830 నుంచి నేరుగా 840కి దూకుతుంది, విజయవాడ సరిగా అందదు. చాలా సెట్లలో ఈ అమరికను మార్చుకునే వీలుంటుంది.