పీణ్యలో అల్లాయ్ చక్రాలకు పౌడర్ కోటింగ్

మా స్విఫ్ట్ కారు అల్లాయ్ చక్రాలకు బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని ఒక చిన్న షెడ్డులో పౌడర్ కోటింగ్ (రంగు పొడిని అంటించి, వేడితో కరిగించి వేసే పూత) చేయించాను. పని చాలా బాగుంది. టైర్లు, వాల్వులు విప్పి, పాత రంగును బ్లాస్టింగ్‌తో (గరుకు రేణువులను గాలి ఒత్తిడితో చిమ్మి) లోహం కనిపించేదాకా తీశారు. బోల్టు రంధ్రాలకు, హబ్బుకు (కారుకు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖానికి వేడిని తట్టుకునే టేపు అంటించారు. అక్కడ పూత మందంగా పడితే చక్రం సరిగ్గా బిగుసుకోదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ జాగ్రత్తే. విద్యుదావేశంతో అంటుకున్న నల్ల పొడిని దాదాపు 200 డిగ్రీల ఓవెన్‌లో కరిగించి, పైన మెరుపు కోసం పారదర్శక పూత వేశారు. స్పోకుల మీద ట్యూబ్‌లైటు ప్రతిబింబం చెదరకుండా కనిపిస్తోంది! ఒక చక్రం అంచు నారింజ తొక్కలా గరుకుగా ఉందని చూపిస్తే, మారుమాట లేకుండా మళ్లీ చేసిచ్చారు. స్ప్రే పెయింటు కంటే ఖర్చు ఎక్కువే. వీల్ బ్యాలెన్సింగ్ మాత్రం బయట చేయించుకోవాలి.