మూడేళ్ళుగా పాడ్‌కాస్టులతో స్పానిష్: నా గొడవంతా ట్రాన్‌స్క్రిప్టుతోనే

స్పానిష్ నేర్చుకోవడానికి ఏ పాడ్‌కాస్టు వినాలి, ఏ బ్లాగు చదవాలి అని జాబితాలు ఇచ్చేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేనివ్వను. కాఫీ బ్రేక్ స్పానిష్ 2006 నుంచీ ఉంది, డ్యుయోలింగో వాళ్ళ స్పానిష్ పాడ్‌కాస్టు 2017 చివర్లో మొదలైంది, ఇవన్నీ ఒక్కసారి వెతికితే దొరికే సంగతులే. మూడేళ్ళ పాటు రోజూ ముప్పావుగంట విన్నాక నాకు చెప్పాలని ఉన్నది ఒక్కదాని గురించే. ఆడియోలోని మాటలన్నీ రాసి కింద పెడతారే, ఆ ట్రాన్‌స్క్రిప్టు గురించి. నాకు స్పానిష్ వచ్చిందంటే (ఎంతొచ్చిందో చివర్లో చెప్తాను) దాని పుణ్యమే. నా పరువు పోయిందీ దాని వల్లే.

మొదలుపెట్టిన నాలుగో నెల. ఒక ఎపిసోడ్‌లో ఒకావిడ తన కథ చెప్తోంది. మధ్యలో పక్కనున్నాయన మాటిమాటికీ ఒకటే ప్రశ్న వేస్తాడు: "కె బాసేర్?" 'కె' అంటే 'ఏమిటి' అని తెలుసు. ఈ 'బాసేర్' ఏమిటి? చివర 'ఏర్' ఉంది కాబట్టి క్రియాపదమే అయ్యుంటుందని నా ధీమా. నిఘంటువు తెరిచాను. స్పానిష్‌లో 'బి' అన్నా 'వి' అన్నా పలుకు ఒక్కటే. లాటిన్ అమెరికా ఉచ్చారణలో 'ఏ' ముందు 'ఎస్', 'సి', 'జెడ్' మూడూ ఒక్కటే. అంటే ఈ ఒక్క మాటకి ఆరు స్పెల్లింగులు. ఆరూ కొట్టి చూశాను, ఒక్కటీ లేదు. దగ్గరి మాట అని 'నాసేర్' చూపించింది. అంటే పుట్టడం. "ఏం పుట్టింది?" అని అడుగుతున్నాడేమో అనుకుని, ఆ కథలో పిల్లలెవరైనా ఉన్నారేమోనని మళ్ళీ మొదటినుంచి విన్నాను. రెండు సాయంత్రాలు ఇలాగే గడిచాయి.

మూడోరోజు ఆ ఎపిసోడ్ పేజీలో ఊరికే కిందికి జరిపితే ట్రాన్‌స్క్రిప్టు కనిపించింది. అది అక్కడ ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. నేను ఒక్క మాటనుకున్నది మూడు మాటలు: 'బా', 'ఆ', 'ఆసేర్'. ఏం చేయబోతోంది, అని. మూడో మాట ముందు హెచ్ ఉంది గానీ స్పానిష్‌లో దాన్ని పలకరు. అంటే మూడు 'ఆ'లు వరసగా వచ్చి ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి.

దీనికొక పేరు ఉండే ఉంటుందని వెతికితే ఒక స్పానిష్ టీచరు రాసుకునే బ్లాగులో దొరికింది: 'సినలేఫా'. ఒక మాట చివరి అచ్చు, తర్వాతి మాట మొదటి అచ్చు కలిసి ఒకే అక్షరంగా పలకడం. చదువుతూ చదువుతూ నవ్వొచ్చింది. ఇది సంధి! బళ్ళో సూత్రాలు బట్టీపట్టి, పరీక్షలో రాసేసి, మళ్ళీ ఎప్పుడూ అక్కర్లేదనుకున్న సంధి. 'బా ఆ ఆసేర్' సవర్ణదీర్ఘం లాంటిది. 'మి అమీగొ' అని రాసింది (నా స్నేహితుడు) మామూలు వేగంలో 'మ్యమీగొ' అవుతుంది, అచ్చం అతి, అంత కలిసి అత్యంత అయినట్టు. అదే యణాదేశం.

ఇంగ్లీషులో నడిచే పాడ్‌కాస్టులన్నీ "స్పానిష్ వాళ్ళు చాలా వేగంగా మాట్లాడతారు, కంగారుపడకండి, వేగం తగ్గించుకుని వినండి" అని చెప్తాయి. నేనూ ముప్పావు వేగానికి తగ్గించి చూశాను. మాట్లాడేవాళ్ళు మత్తులో ఉన్నట్టు వినిపించారు తప్ప 'బాసేర్' మాత్రం విడిపోలేదు. మాటలు అతుక్కున్న చోట వేగం తగ్గించినా అతుక్కునే ఉంటాయి. మనమూ "వాడు ఎక్కడ ఉన్నాడు" అని విడివిడిగా అనం కదా, "వాడెక్కడున్నాడు" అంటాం. తేడా ఏమిటంటే, మనం కలిపి పలికింది చాలావరకు కలిపే రాస్తాం. వాళ్ళు కలిపి పలికి విడివిడిగా రాస్తారు. రాతలో కూడా కలిపేసేవి రెండే రెండు, 'ఆల్', 'దెల్'. మిగతాదంతా చెవికి ఒకటి, కంటికి ఒకటి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించేది ట్రాన్‌స్క్రిప్టు ఒక్కటే.

అప్పట్నుంచి ట్రాన్‌స్క్రిప్టు లేని పాడ్‌కాస్టు వైపు కన్నెత్తి చూడలేదు. చాలాచోట్ల ఆడియో ఉచితం, రాత కావాలంటే డబ్బు కట్టాలి. ఇది అన్యాయమని అంటారు గానీ నాకు న్యాయంగానే అనిపించింది, అసలు సరుకు అదే కాబట్టి. ఉచితంగా పెట్టేవాళ్ళలో రేడియో ఆంబులాంతెకి మాత్రం దణ్ణం పెట్టాలి. 2011లో మొదలైన కార్యక్రమం, 2016 నుంచి కొన్నేళ్ళు అమెరికాలో ఎన్‌పీఆర్ అనే రేడియో సంస్థ ద్వారా వచ్చింది. లాటిన్ అమెరికా దేశాలన్నిటి నుంచీ నిజమైన కథలు, అక్కడి మనుషుల గొంతుల్లోనే. కరీబియన్ వైపు వాళ్ళు మాట చివరి 'ఎస్'ని మింగేస్తారు. చెవికి 'ఎహ్తా' అని వినిపిస్తుంది, పేజీలో 'ఎస్తాస్' అని ఉంటుంది. మింగేసిన అక్షరాలన్నీ కాగితం మీద తిరిగి దొరుకుతున్నట్టు ఉండేది.

పనిలో పని ఒక చిన్న కినుక. నేర్పేవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు బుర్రలని దృష్టిలో పెట్టుకుని చెప్తారు. 'మె గుస్తా' అనే ప్రయోగాన్ని అర్థం చేయించడానికి ఒక ఎపిసోడ్ మొత్తం తీసుకున్నారు, వాక్యాన్ని తలకిందులు చేసి చూడమని, అద్దంలో చూసినట్టు ఊహించమని. 'నాకు నచ్చింది', అంతే! 'నువ్వు', 'మీరు' తేడా కూడా అంతే, వాళ్ళ 'తు', 'ఉస్తెద్'. పైగా క్రియ చివర చూస్తే కర్త ఎవరో తెలిసిపోతుంది కాబట్టి 'నేను' అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. ఇలాంటి ఎపిసోడ్లు దాటేసుకుంటూ పోతే సగం సిలబస్ అయిపోయింది.

ఇక పరువు సంగతి.

రెండో ఏడు ఒక కొత్త పాడ్‌కాస్టు పట్టుకున్నాను. పేరు చెప్పను. రోజుకి పది నిమిషాలు, ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. పాఠంలా ఉండదు, పక్కింటివాళ్ళ మాటలు గోడవతల నుంచి వింటున్నట్టు ఉంటుంది. ప్రతి ఎపిసోడ్‌కీ ట్రాన్‌స్క్రిప్టు, అదీ ఉచితంగా. వాళ్ళిద్దరూ మాట మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడల్లా 'ఆబేర్' అనేవాళ్ళు. పేజీలో చూస్తే హెచ్‌తో, ఒకే మాటగా ఉంది. ఆ మాట నాకు తెలుసు, సహాయక్రియ, 'ఉండటం' లాంటిది. ఇక్కడెందుకొచ్చిందబ్బా అనుకుని, మనం 'ఉందిలే' అన్నట్టు ఇదేదో నుడికారం అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెప్పుకుని ఊరుకోకుండా వాడకం కూడా మొదలుపెట్టాను.

నాకు స్పానిష్‌లో సాయం చేసే కొలంబియా ఆవిడ ఒకరున్నారు. బదులుగా నేను ఆవిడకి ఇంగ్లీషులో సాయం చేస్తాను. నాలుగు నెలల పాటు ఆవిడకి పంపిన ప్రతి మెసేజీలో ఆ మాట హెచ్‌తో సహా పెట్టాను. రేపు మాట్లాడుకుందామేమో, హెచ్. మీ అమ్మగారికి ఎలా ఉంది, హెచ్. చివరికి ఒకరోజు ఆవిడే అడిగారు, ఇది ఎక్కడ నేర్చుకున్నావని. అది 'ఆబేర్' కాదట, 'ఆ బేర్' అట. రెండు మాటలు, మొదటిదానికి హెచ్ లేదు, రెండోదానికి 'బి' బదులు 'వి'. అంటే 'ఏదీ, చూద్దాం'. మనమూ మాట మొదలుపెట్టేముందు సరిగ్గా అదే అంటాం. అర్థం నా ఒళ్ళోనే ఉంటే నేను 'ఉందిలే' అని వ్యాకరణం కల్పించుకున్నాను!

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. ఇది విదేశీయులు చేసే తప్పు కాదట, వాళ్ళు పుస్తకం చూసి నేర్చుకుంటారు కాబట్టి. చెవితో నేర్చుకుని తర్వాత రాత నేర్చుకున్న సొంత మనుషులు చేసే తప్పట. మనవాళ్ళు 'అర్థం అయింది' అనబోయి 'అర్ధం అయింది' అని రాసినట్టన్నమాట. నాలుగు నెలలూ ఆవిడ, నేనెవరో స్పానిష్ ఇంట్లో పెరిగి బడికి సరిగ్గా వెళ్ళని మనిషినేమో అనుకున్నారట. దీన్ని పొగడ్తగా తీసుకోవాలో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వెనక్కి వెళ్ళి ఆ పేజీలన్నీ మళ్ళీ చూస్తే విషయం తేలిపోయింది. అది మనిషి రాసింది కాదు, యంత్రం విని రాసుకున్నది. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు, నాకు చూడాలని తట్టలేదంతే. ఒకే మనిషి పేరు ఒకే పేజీలో రెండు రకాలుగా ఉంది. స్పానిష్‌లో ప్రశ్న ముందు కూడా తలకిందులుగా గుర్తు పెడతారు కదా, అది కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. ఇద్దరూ పగలబడి నవ్వినచోట 'నవ్వులు' అని బ్రాకెట్‌లో లేదు, మనిషైతే తప్పకుండా రాస్తాడు. అన్నిటికంటే బాగుంది ఏమిటంటే నా పాత 'బాసేర్'. 'అవబోతోంది' అనే మాట కూడా అచ్చు అలాగే వినిపిస్తుంది. యంత్రం 'చేయబోతోంది'కీ దీనికీ తేడా తెలియక ఎక్కడ పడితే అక్కడ ఒకదానికొకటి రాసేసింది. నాలుగో నెలలో నేను పడ్డ గోతిలోనే అదీ పడిందని చూశాక కాస్త కోపం తగ్గింది.

స్పానిష్ మన తెలుగులాగే రాసినట్టు పలుకుతారు అని ఎవరో చెప్పగా నమ్మాను. అది నిజమే. కానీ పలికినట్టు రాయడం వేరే విద్య. ఇప్పుడు అనుమానం వస్తే రాయల్ స్పానిష్ అకాడమీ వాళ్ళ నిఘంటువు చూస్తాను, 1713లో పుట్టిన సంస్థ. అది కొరుకుడు పడకపోతే 2005లో మొదలైన ఫుందేవూ సైటు చూస్తాను. వార్తలు రాసేవాళ్ళ కోసం పెట్టింది, చిన్న చిన్న వివరణలు, నాలాంటి వాళ్ళకి బాగా పనికొస్తాయి.

ట్రాన్‌స్క్రిప్టు పుణ్యమే అని మొదట్లో అన్నాను కదా, దాన్ని ఇక్కడ కొంచెం తగ్గించుకోవాలి. ఒకరోజు ఆవిడ నలభై సెకన్ల వాయిస్ మెసేజీ పంపారు. పదకొండుసార్లు విన్నాను. ఆవిడ అక్కగారికి ఏదో అయిందని తెలిసింది, మంచో చెడో తెలియలేదు. టైపు చేసి పంపమని అడగాల్సి వచ్చింది. పంపారు, చూడగానే ప్రతి మాటా తెలిసినదే. అక్కగారికి ఉద్యోగం వచ్చింది! రెండేళ్ళు నేను విన్నాననుకున్నదంతా సగం చదివిందేనని అప్పుడు తెలిసింది. కళ్ళు ముందు పరిగెత్తుతుంటే చెవులు వెనక కూర్చుని తీరిగ్గా వచ్చాయి.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. మొదట పేజీ మూసేసి మూడుసార్లు వినడం, ఒక రెండు నిమిషాల ముక్క కాగితం మీద డిక్టేషన్‌లా రాసుకోవడం, తర్వాతే ట్రాన్‌స్క్రిప్టు తెరిచి ఎర్రపెన్నుతో దిద్దుకోవడం. విసుగు పని. కానీ నా తప్పులు దాదాపుగా మాటలు కలిసే చోటే పడుతున్నాయని దీనివల్లే తెలిసింది. ఏడాదిగా ఇదే చేస్తున్నాను, ఇప్పుడు వాయిస్ మెసేజీలు మూడోసారికి దొరుకుతున్నాయి.

మరి అందరూ ఇలా నేర్చుకోవచ్చా? నాకు కుదిరింది. ఒంటరిగా చేతిపని చేసుకునే మనిషిని, చెవులు ఖాళీగా ఉంటాయి. ఇంగ్లీషు వచ్చు, అది రాకపోతే మొదటి మెట్టు పాడ్‌కాస్టుల్లో సగానికి పైగా పనికిరావు. పరీక్ష తొందరలేదు. దెలె లాంటి స్పానిష్ ప్రావీణ్య పరీక్ష రాయాలనుకునేవాళ్ళకి ఇది ఒక్కటే సరిపోతుందని నేను చెప్పలేను, ఎందుకంటే మాట్లాడటం నాకు ఇంకా నత్తనడకే. రేడియో ఆంబులాంతె ఎపిసోడ్ ఒకటి పేజీ చూడకుండా వింటే ముప్పాతిక వంతు అందుతుంది, చిలీ వాళ్ళు మాట్లాడితే సగం.

ఆ కబుర్ల పాడ్‌కాస్టు ఇప్పటికీ వింటాను, వాళ్ళిద్దరి గొంతులూ అలవాటైపోయాయి. తప్పులు పట్టి ఒక మెయిలు కూడా రాశాను, నా స్పానిష్‌లోనే. ఎంతో మర్యాదగా జవాబిచ్చి ఆ ఒక్క పేజీ దిద్దారు. తర్వాతి వారం కొత్త ఎపిసోడ్ తెరిచి చూస్తే మొదటి మాటే 'ఆబేర్', హెచ్‌తో సహా.