మొదటి రేంజ్‌ఫైండర్ కోసం టోక్యోలో నాలుగు రోజులు

పాత ఫిల్మ్ రేంజ్‌ఫైండర్ కెమెరా కొనాలంటే దాని కిటికీలోకి మన కన్ను పెట్టి చూడాల్సిందే. వ్యూఫైండర్ మధ్యలో పసుపు ఛాయలో చిన్న మచ్చ ఒకటి ఉంటుంది. అందులో ఎదుటి వస్తువు రెండుగా కనబడుతుంది. ఫోకస్ రింగు తిప్పుతూ పోతే ఆ రెండూ దగ్గరకు జరిగి ఒకటవుతాయి. ఆ మచ్చ తేటగా ఉందా, వెలిసిపోయిందా, రెండు బొమ్మలూ పక్కకే జరుగుతున్నాయా లేక ఒకటి కాస్త పైకి ఎక్కి కూర్చుందా అన్నది ఏ ప్రకటన ఫొటోలోనూ తెలియదు. లెన్స్ మార్చుకునే రేంజ్‌ఫైండర్లు పది వరసగా పెట్టి పోల్చి చూసుకునే కొట్టు మన దగ్గర అరుదు. టోక్యోలో అది ఒక మధ్యాహ్నంలో తేలే పని. జపాన్ వెళ్లే ఆలోచన ఎలాగూ ఉంటే నాలుగు రోజులు దీనికి కేటాయించడం దండగ కాదు.

ముందు బస సంగతి. షింజుకు స్టేషన్ పక్కనే గది తీసుకోవాలని అందరికీ అనిపిస్తుంది. కానీ ఆ స్టేషన్‌కు 200కు పైగా ద్వారాలున్నాయి. తప్పు ద్వారంలో బయటపడితే హోటలుకు పావుగంట అదనపు నడక, అదీ పెట్టెలు లాక్కుంటూ. ఇలాంటి ప్రయాణానికి నకానో మేలు. షింజుకు నుంచి చువో రాపిడ్ రైల్లో ఒక్క స్టేషన్, అయిదు నిమిషాల ప్రయాణం. అక్కడి బిజినెస్ హోటళ్లలో గది చిన్నదే, పెద్ద సూట్‌కేసు తెరిస్తే మంచం ఎక్కి దాటాలి. అయినా రేటు షింజుకు కంటే తక్కువ, రాత్రిళ్లు నిశ్శబ్దం, ఒక మంచి కెమెరా కొట్టు నడిచి వెళ్లే దూరంలోనే ఉంటుంది. మన తిండి కావాలనుకునేవారికి ఇంకో సౌకర్యం ఉంది. నకానోలో మొదలయ్యే తోజాయ్ లైన్ నేరుగా నిషి-కసాయ్ వెళుతుంది, అరగంట పైచిలుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చిన భారతీయ కుటుంబాలు, వాటిలో తెలుగువాళ్లూ, ఎక్కువగా ఉండే పేట అది. ఇడ్లీ, దోసె, పప్పు దినుసులు అక్కడ దొరుకుతాయి. గింజా వైపు బస మాత్రం ఈ పనికి అనవసరపు ఖర్చు.

మొదటి రోజు ఏమీ కొనకండి. హన్జోమోన్ స్టేషన్ దగ్గర జపాన్ కెమెరా మ్యూజియం ఉంది, సోమవారం సెలవు. టికెట్ ధర తక్కువ, గంటన్నర చాలు. నికాన్ ఎస్2, ఎస్‌పీ, కెనాన్ రేంజ్‌ఫైండర్ల వరస అంతా ఒకేచోట చూశాక ఏది ఎంత పెద్దదో, దేనికి ఏ కిటికీ ఎక్కడుందో కంటికి పడుతుంది. ఆ సాయంత్రం గింజాలో చర్చి భవనం ఎనిమిదో అంతస్తులో ఉన్న లెమన్‌షా చూడవచ్చు. పాత లైకాల కోసం వచ్చేవారి కొట్టు అది, సరుకు చాలా ఉంటుంది. మొదటి కెమెరాను అక్కడే తీసుకోవాలని లేదు, కన్ను అలవాటు చేసుకోవడానికి మాత్రం మంచి చోటు.

అసలు నిర్ణయం బాడీతో (లెన్స్ లేని కెమెరాతో) కాదు, లెన్స్‌తో మొదలవ్వాలి. ఏ ఫోకల్ లెంగ్త్‌లో, అంటే దృశ్యం ఎంత వెడల్పుగా పడుతుందో చెప్పే ఎంఎం అంకెలో, ఎక్కువ ఫొటోలు తీస్తారో ముందు తేల్చుకోండి, బాడీ దానంతటదే తేలుతుంది. 50 ఎంఎం మనిషికి 1954లో వచ్చిన లైకా ఎం3ని మించింది లేదు. దాని కిటికీలో బొమ్మ అసలు పరిమాణంలో 0.91 వంతు కనబడుతుంది, ఫొటోలో ఎంత మేర పడుతుందో చూపే ఫ్రేమ్ గీతలు 50, 90, 135కు మాత్రమే. 35 ఎంఎం మనిషి అదే ఎం3 కొంటే చిక్కుల్లో పడతాడు, ఆ గీతే ఉండదు కనుక. అతనికి ఎం2 కావాలి, లేదా ఎం4, ఎం6. 28 ఎంఎం ఇష్టమైతే మినోల్టా సీఎల్ఈ బాగుంటుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడాలన్నది, కూడా అదే చూసుకుంటుంది. అయితే దాని షట్టర్ ఎలక్ట్రానిక్. బ్యాటరీ అయిపోతే కెమెరా నిద్రపోయినట్టే, లోపలి సర్క్యూట్ పోతే బాగుచేయడం చాలా కష్టం. మొదటి కెమెరాగా దాన్ని సిఫారసు చేయలేం.

డబ్బు విషయంలో నిజాయితీగా చెప్పాలంటే మొదటిసారి కొనేవారికి సరైన చోటు కెనాన్. 1959 నాటి కెనాన్ పి, 1961 నాటి కెనాన్ 7, రెండూ 39 ఎంఎం మరతో లెన్స్ బిగించే రకం. ఒక్క ఎం3 బాడీకి పెట్టే డబ్బులో కెనాన్ పి, రెండు లెన్స్‌లు వచ్చి, రీళ్లకూ మిగులుతుంది. పి కిటికీలో బొమ్మ అసలు పరిమాణంలోనే కనబడుతుంది కాబట్టి రెండు కళ్లూ తెరిచి ఫొటో తీయవచ్చు. కళ్లజోడు పెట్టుకునేవారికి మాత్రం దాని 35 గీత అంచులు కనబడవు. కొట్లో కళ్లజోడుతోనే చూసి నిర్ణయించుకోండి. కెనాన్ 7లో గీతలను చక్రం తిప్పి మార్చుకోవచ్చు, 135 దాకా ఉన్నాయి. వెలుగు కొలిచే దాని సెలీనియం మీటరుకు బ్యాటరీ అక్కర్లేదు, కానీ ఇన్నేళ్లకు చాలావాటిలో అది మందగించింది. మీటరు ఆడుతోందని ఎక్కువ డబ్బు పెట్టకండి. రెండింటికీ షట్టర్ తెరలు పల్చటి స్టీలువి. వాటి మీద ముడతలు దాదాపు ప్రతి కెమెరాలోనూ ఉంటాయి, పనికి అడ్డం రావు. ముడత చూసి వదిలేయడం కొత్తవాళ్లు చేసే పొరపాటు.

ఇలాంటి మర రకం లెన్స్ కొన్నాక రేపెప్పుడో లైకా ఎం కొన్నా ఆ లెన్స్ వృథా కాదు. మర రకానికి ఫిల్మ్ నుంచి లెన్స్ కూర్చునే చోటుకు దూరం 28.8 ఎంఎం, ఎం రకానికి 27.8. ఆ ఒక్క మిల్లీమీటరు మందం ఉన్న రింగు బిగిస్తే పాత లెన్స్ కొత్త బాడీ మీద సరిగ్గా ఫోకస్ అవుతుంది. ఎదురు దిశలో మాత్రం కుదరదు. ఎం లెన్స్ మర బాడీకి ఎక్కదు.

ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. కెమెరా ముందున్న రెండు రేంజ్‌ఫైండర్ కిటికీల మధ్య దూరాన్ని బొమ్మ పరిమాణంతో గుణిస్తే ఫోకస్ ఎంత ఖచ్చితంగా పడుతుందో తెలుస్తుంది, అంకె ఎంత పెద్దదైతే అంత మేలు. ఎం3కి అది దాదాపు 63 ఎంఎం, ఎం2కి 50, కెనాన్ 7కి 47, కెనాన్ పికి 41. ఫోక్ట్‌లెండర్ బెస్సా ఆర్‌కు 25, లైకా సీఎల్‌కు 19. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం (అపర్చర్) పెద్దదవుతుంది, ఫోకస్ అంత ఖచ్చితంగా పడాలి. 35 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/2.8 దగ్గర వాడేవారికి బెస్సా చాలు. 50 ఎఫ్/1.2 పెట్టి మీటరు దూరంలో కనురెప్ప మీద ఫోకస్ చేయాలంటే 19తో అవదు. సోవియట్ జోర్కి-4, ఫెడ్-2 ఇంకా చవక. కానీ వాటి లెన్స్‌ల కొలత లైకా కొలతతో పూర్తిగా కలవదు, జపాన్ బాడీ మీద దగ్గరి ఫోకస్ తప్పుతుంది. వాటిని వాటి సొంత బాడీలతోనే వాడాలి. జోర్కి-4లో మరో నియమం కూడా ఉంది. ఫిల్మ్ తిప్పిన తర్వాతే షట్టర్ వేగం మార్చాలి, ముందు మారిస్తే లోపలి యంత్రం దెబ్బతింటుంది.

రెండో రోజు కొనుగోలు. కొట్లు ఉదయం పది దాటాకే తెరుస్తారు. షింజుకు పడమర వైపు మ్యాప్ కెమెరాతో మొదలుపెట్టండి. వాళ్ల వెబ్‌సైట్లో ఒక్కో సెకండ్‌హ్యాండ్ వస్తువుకూ విడిగా ఫొటోలు, లోపాల వివరం ఉంటాయి. ముందురాత్రే జాబితా రాసుకుని వెళితే సమయం కలిసొస్తుంది. తూర్పు వైపు కితామురా పెద్ద కొట్టు 2020లో తెరిచారు. అంతస్తులు అంతస్తులుగా ఉంది, పై అంతస్తులో పాత లైకాలు, సిబ్బంది ఓపికగా చూపిస్తారు. నకానోలో ఫుజియా కెమెరా మామూలు మనుషుల కొట్టు. సరుకు త్వరత్వరగా మారుతుంటుంది, ధర సమంజసం. మూడింటిలో మొదటి కెనాన్‌కు మా మొగ్గు ఫుజియా వైపు, లైకాకు మ్యాప్ కెమెరా వైపు. ఎక్కడా బేరం ఆడకండి. ధర చీటీ మీద ఉన్నదే ధర.

ఆ చీటీ చదవడం నేర్చుకోవాలి. ఏ, ఏబీ, బీ, సీ అని దర్జాలుంటాయి, ఇవి ఎక్కువగా పైరూపం గురించి. అసలు విషయం కింద జపనీస్‌లో ఉంటుంది. ‘కుమొరి’ అంటే లెన్స్ లోపల మసక పొర. ‘కబి’ అంటే బూజు. ‘కిజు’ అంటే గీత. ‘బల్సము-గిరె’ అంటే రెండు గాజుల మధ్య అతుకు విడిపోవడం. ‘సెయిబి-జుమి’ అని ఉంటే విప్పి శుభ్రం చేసి సర్దిన కెమెరా, దానికి కాస్త ఎక్కువిచ్చినా లాభమే. ‘జంకు’ అని రాస్తే వాపసు ఉండదు, ముట్టుకోకండి. ఫోన్లో అనువాదం తెరిచి చీటీ మీద పెట్టినా పని జరుగుతుంది.

కౌంటరు దగ్గర తొందరపడవద్దు, అక్కడ ఎవరూ తోసేయరు. ముందు కిటికీలోంచి బయట దూరంగా ఉన్న ఎత్తైన భవనం అంచును చూడండి. లెన్స్ అనంతం (అతి దూరపు ఫోకస్) దగ్గర ఆగినప్పుడు రెండు బొమ్మలూ సరిగ్గా కలవాలి. పక్కకు తేడా ఉంటే సర్దడం తేలిక, పైకీ కిందికీ తేడా ఉంటే పని ఎక్కువ. ఎం3లో మచ్చ అసలే కనబడకపోతే లోపలి ప్రిజం అతుకు ఊడిందని అర్థం, ఆ కెమెరాను వదిలేయండి. తర్వాత షట్టర్‌ను ఒక సెకను వేగంలో నొక్కి చెవితో వినండి, మధ్యలో ఆగకుండా గరగరమంటూ పూర్తి కావాలి. లెన్స్ తీయించి, లైకా అయితే ఫోన్ టార్చి వెనుక నుంచి పట్టి దాని గుడ్డ తెరల మీద సూదిబెజ్జాలు వెతకండి. రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు కాబట్టి లెన్స్‌లోంచి వచ్చిన ఎండ నేరుగా తెర మీద పడి గుడ్డను కాలుస్తుంది. ఎం3, ఎం2 అయితే అడుగు మూత తీసి, ఫిల్మ్ చుట్టుకునే స్పూలు ఉందో లేదో చూడండి. అది ఊడివచ్చే భాగం, పోయి ఉండవచ్చు. లెన్స్‌ను టార్చి వెలుగులో చూసేటప్పుడు కెనాన్ 50 ఎఫ్/1.8కి అపర్చర్ వెనుక గాజు మీద మసక ఉందేమో ప్రత్యేకంగా గమనించాలి. ఆ లెన్స్‌కు అదే పుట్టుజబ్బు, కొన్నిసార్లు గాజునే తినేస్తుంది, తుడిచినా పోదు.

డబ్బు కట్టేముందు రెండు అడగండి. ‘షోకి ఫుర్యో’, అంటే కొన్న కొత్తలోనే బయటపడే లోపం, ఎన్ని రోజుల్లో చెప్పాలి? వారంటీ ఎన్ని నెలలు? ఎన్ని నెలలైనా అది జపాన్‌లో తెచ్చి ఇస్తేనే పనికొస్తుంది కాబట్టి మనకు తర్వాతి రెండు రోజులే నిజమైన వారంటీ. పర్యాటకులకు 10 శాతం పన్ను మినహాయింపు ఉంది, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. 2026 నవంబరు 1 నుంచి పద్ధతి మారుతుంది. కొట్లో పన్నుతో సహా కట్టి, దేశం వదిలేటప్పుడు కస్టమ్స్ తనిఖీ తర్వాత వాపసు తీసుకోవాలి.

మూడో రోజు రీలు. యొదొబాషి కెమెరా కొట్టులో ఐఎస్ఓ 100 (వెలుగుకు ఫిల్మ్ స్పందించే కొలత) కలర్ నెగటివ్ కొనండి. కలర్ అయితే కొన్ని కితామురా శాఖల్లో గంట రెండు గంటల్లో కడిగిస్తారు, బ్లాక్ అండ్ వైట్‌కు రోజులు పడుతుంది. నీడలో సైకిళ్లు వరసగా పెట్టిన చోటు చూసుకోండి, నకానోలో కావలసినన్ని ఉంటాయి. ఎండలో కుదరదు, అపర్చర్ పూర్తిగా తెరిస్తే 1/1000 వేగం కూడా సరిపోదు. ఏటవాలుగా నిలబడి, మీటరు దూరంలో ఒక సైకిల్ హ్యాండిల్ మీద పూర్తి అపర్చర్‌తో ఫోకస్ చేసి తీయండి. అలాగే మూడు మీటర్లు, అనంతం. తర్వాత ఒకే గోడను 1/1000 నుంచి కిందికి, ఒక్కో వేగానికీ తగ్గట్టు అపర్చర్ మారుస్తూ తీయండి. ఏది ఎన్నో ఫ్రేమో కాగితం మీద రాసుకోండి. లెన్స్ మూత తీశారా లేదా అన్నది వ్యూఫైండర్ చెప్పదు, అది కూడా గుర్తుంచుకోవాలి.

కడిగించాక స్కాన్‌లతో సరిపెట్టుకోకండి. స్కానర్ వెలుగు తేడాలను సర్దేస్తుంది. నెగటివ్ స్ట్రిప్‌ను ఆకాశానికి ఎదురుగా పట్టి చూడండి. గోడ ఫ్రేములన్నీ ఒకే సాంద్రతలో ఉంటే షట్టర్ ఆరోగ్యంగా ఉంది. 1/1000లో ఫ్రేము ఒక పక్క పలచబడితే రెండు తెరలూ ఒకే వేగంతో పరిగెత్తడం లేదు. ప్రతి ఫ్రేములోనూ ఒకేచోట నల్లచుక్క ఉంటే సూదిబెజ్జం. సైకిల్ ఫొటోలో మీరు ఎంచుకున్న హ్యాండిల్ కాక ముందుదో వెనుకదో స్పష్టంగా ఉంటే రేంజ్‌ఫైండర్ సర్దాలి. ఆ నెగటివ్‌లు, కాగితం పట్టుకుని అదే రోజు కొట్టుకు వెళ్లండి. మాట రాకపోయినా నెగటివ్ చూపిస్తే వాళ్లకు అర్థమవుతుంది. నాలుగో రోజును ఖాళీగా ఉంచమనేది ఇందుకే. మార్పిడి అవసరమైతే మరో కెమెరా, మరో రీలు, మళ్లీ అదే పరీక్ష.

తిరుగు ప్రయాణంలో కెమెరా, రీళ్లు చేతి సంచీలోనే ఉండాలి. కార్గోకు వెళ్లే సామాను మీద పడే ఎక్స్‌రే చాలా బలమైనది, ఫిల్మ్ పొగచూరినట్టు అవుతుంది. చేతిసామానుకు వాడే కొత్త సీటీ స్కానర్లు కూడా ఫిల్మ్‌కు మంచివి కావు. రీళ్లను డబ్బాల్లోంచి తీసి పారదర్శకమైన కవరులో వేసి చేత్తో తనిఖీ చేయమని అడగండి. కొట్టు బిల్లు దగ్గర పెట్టుకోండి. ఇక్కడ దిగాక కస్టమ్స్ పరిమితి దాటితే విలువ చూపేది ఆ బిల్లే. ఇంటికి చేరాక తోలు కేసు విప్పేయండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బూజు ముందు ఆ తోలులోనే పట్టి అక్కడి నుంచి లెన్స్‌లోకి పాకుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, పక్కనే చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.