‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’ దేనిమీద చూడాలి? డిస్కా, ఓటీటీనా?

కొడుకూ తండ్రీ నేలమీద పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఎదురుగా టీవీ, వీసీఆర్. క్యాసెట్ ఎలా పెట్టాలో, రిమోట్‌లో ఏది నొక్కాక ఏది నొక్కాలో కొడుకు చెబుతుంటాడు. తండ్రి తప్పు నొక్కుతాడు. మళ్ళీ చెబుతాడు, మళ్ళీ తప్పే. విసుగొచ్చి కొడుకు లేచి వెళ్ళిపోతాడు. మన ఇళ్ళలో ఫోన్ పట్టుకుని రోజూ జరిగే భాగోతమే ఇది. తేడా ఏమిటంటే ఆ కొడుకు ఎక్కువకాలం బతకడు. తను పోయాక ఈ పెద్దాయన ఒంటరిగా సినిమా ఎలా పెట్టుకుంటాడన్నది అతని బెంగ. తర్వాత కూర్చుని, ఏ బటన్ తర్వాత ఏదో ఓ కాగితం మీద వరసగా రాసిపెడతాడు.

హుర్ జిన్-హో తీసిన ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’లో సీన్ ఇది. 1998 జనవరిలో కొరియాలో విడుదలైంది. ఇంట్లో సినిమా పెట్టుకోవడం మీదే ఇంత మంచి సీన్ ఉన్న సినిమాని మనం ఇంట్లో దేనిమీద చూడాలి? పాత డీవీడీనా, అంతకన్నా స్పష్టమైన బొమ్మ ఉండే బ్లూరే డిస్కా, ఓటీటీలో దొరికినప్పుడు చూసేస్తే చాలా? ఈ సినిమాకి నా జవాబు ఒకటి. ఇదే దర్శకుడు 2001లో తీసిన ‘వన్ ఫైన్ స్ప్రింగ్ డే’కి వచ్చేసరికి ఆ జవాబు తిరగబడింది. రెండూ ప్రేమకథలే, రెండూ నెమ్మదిగా నడిచేవే. ఐనా ఒకటి కంటితో బతికే సినిమా, ఇంకోటి చెవితో బతికే సినిమా.

ముందు మొదటిది. ఆ కొడుకు పేరు జంగ్-వన్, అతనిది చిన్న ఫోటో స్టూడియో. దారిమ్ నో పార్కింగ్‌లో పెట్టిన బళ్ళకు చలాన్లు రాసే అమ్మాయి. ఆ బళ్ళ ఫోటోలు కడిగించుకోవడానికి స్టూడియోకి వస్తూ పోతూ ఉంటుంది. కథ అంతే. ఇద్దరూ ప్రేమిస్తున్నామని ఒకరికొకరు చెప్పుకోరు. చెప్పేదంతా వెలుతురే చెబుతుంది. స్టూడియో అద్దాల తలుపు మీద పడే మధ్యాహ్నపు ఎండ, లోపల మసకగా ఉండే మూల, వానలో ఒకే గొడుగు కింద ఇద్దరూ. కెమెరా యూ యంగ్-గిల్‌ది. పెద్దాయన, కొరియాలో చాలా పేరున్న ఛాయాగ్రాహకుడు. సినిమా విడుదలకు కాస్త ముందే చనిపోయాడు. చావు దగ్గరపడిన ఫోటోగ్రాఫర్ కథ ఆయన చివరి సినిమా కావడం యాదృచ్ఛికమే. కానీ ఆ సంగతి తెలిశాక ప్రతి ఫ్రేమూ వేరుగా కనిపిస్తుంది.

నేను మొదట చూసింది వీసీడీ మీద. హాస్టల్లో ఎవరో తెచ్చారు, రెండు డిస్కులు. వీసీడీలో 74 నిమిషాల చుట్టుపక్కలే పడుతుంది కాబట్టి 97 నిమిషాల సినిమా మధ్యలో తెగాల్సిందే. మొదటి డిస్కు ఓ మాట సగంలో ఆగిపోయింది, రెండోది ఎవరి గదిలో ఉందో వెతకడానికి పావుగంట పట్టింది. వీసీడీ బొమ్మ 352×240 చుక్కలు, అంటే ఇప్పటి టీవీ మీద అలుకుగుడ్డ. ఆ మసక మూలల్లో ఏముందో తెలీలేదు. ఐనా ఏడ్చాను. కాబట్టి ‘క్వాలిటీ లేకపోతే సినిమా చచ్చిపోతుంది’ అనే వాదనకు నేను ఒప్పుకోను. క్వాలిటీ లేకపోయినా కథ దొరుకుతుంది. దొరకనిది యూ యంగ్-గిల్ వెలుతురు.

డీవీడీ 720×480. బ్లూరే 1920×1080, లెక్కేస్తే సరిగ్గా ఆరు రెట్లు. ఇక్కడ పాత డీవీడీలతో ఓ తంటా ఉంది. 90ల చివర్లో, 2000 మొదట్లో ఆసియాలో వచ్చిన డిస్కుల్లో చాలావాటిలో సినిమాని చదరపు టీవీ ఫ్రేములో ఇరికించి పైనా కిందా నల్లపట్టీలు కూడా బొమ్మలోనే కలిపి ముద్రించేవాళ్ళు. ఇప్పటి వెడల్పు టీవీలో పెడితే నాలుగువైపులా నలుపు, నడుమ పోస్టుకార్డంత సినిమా. జూమ్ చేసుకోవచ్చు, కానీ ఉన్న చుక్కలే తక్కువ. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని డీవీడీ కొనేముందు ఇది చూసుకోవాలి.

ఓటీటీలో అదే 1080 బొమ్మ వస్తుంది కదా, మరి బ్లూరే ఎందుకు? ఇక్కడే అసలు కిటుకు ఉంది. చుక్కల సంఖ్య ఒకటే ఐనా, వాటిని నింపడానికి ఇచ్చే డేటా వేరు. బ్లూరేలో సెకనుకు 25 నుంచి 35 మెగాబిట్లు మామూలు. ఓటీటీలో చాలావరకు అయిదారుతో సరిపెడతారు. నిన్నమొన్న డిజిటల్ కెమెరాతో తీసిన శుభ్రమైన సినిమాకి ఆ తేడా పెద్దగా తెలీదు. 1998 నాటి ఫిల్మ్ రీలుకి తెలుస్తుంది. ఫిల్మ్ మీద సన్నటి ఇసుకలాంటి రేణువులుంటాయి, ప్రతి ఫ్రేములో వాటి చోటు మారిపోతుంది. వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్ పనిచేసే పద్ధతేమో, ముందు ఫ్రేములో ఉన్నదే తర్వాతి ఫ్రేములో దాదాపు ఉంటుందని నమ్మి, మారినంతే రాసుకోవడం. రేణువులు ఆ నమ్మకాన్ని దెబ్బకొడతాయి. డేటా చాలక అది రేణువుల్ని పులిమేస్తుంది. గోడ మీది నీడ మెట్లుమెట్లుగా విరుగుతుంది, మొహం మైనంలా నున్నగా అవుతుంది. ఈ సినిమాలో కెమెరా కదలకుండా ఓ మొహం మీద చాలాసేపు నిలబడుతుంది. ఆ మొహం మైనంలా ఉంటే ఇక ఏం చూస్తాం?

ఓ ముసలావిడ మనవలూ కొడుకులతో వచ్చి ఫోటో తీయించుకుంటుంది. సాయంత్రం ఒక్కతే, మంచి బట్టలు కట్టుకుని మళ్ళీ వస్తుంది. తను పోయాక పెట్టే ఫోటో కాబట్టి బాగా తీయమంటుంది. మన ఇళ్ళలో దండేసి గోడకు తగిలిస్తామే, అదే ఫోటో. జంగ్-వన్ ఏమీ అనడు, గౌరవంగా తీస్తాడు. తర్వాత ఇంకో రోజు తన ఫోటో తనే తీసుకుంటాడు. ఈ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టుకుని చూడాలనిపించినప్పుడు బ్లూరే విలువ తెలుస్తుంది. కొరియాలో 2013లో ఈ సినిమా మళ్ళీ థియేటర్లకు వచ్చింది. బ్లూరే కూడా ఉంది. కాబట్టి దీనికి నా ఓటు బ్లూరేకే.

కానీ ఆగండి. ఓటు వేయడం వేరు, హైదరాబాదులో కూర్చుని కొరియా డిస్కు ఆడించడం వేరు. డిస్కుల్ని ఏ దేశంలో అమ్ముతారన్నదాన్ని బట్టి ప్రపంచాన్ని రీజియన్లుగా విడగొట్టారు. డీవీడీకి ఇండియా రీజియన్ 5, కొరియా 3. బ్లూరేకైతే కొరియా, అమెరికా, జపాన్ ‘ఎ’లో ఉంటాయి, మనం ‘సి’లో. డిస్కుకి తాళం వేసి ఉంటే ఇక్కడ కొన్న ప్లేయర్ దాన్ని తీసుకోదు. నేను ఓ అమ్మకందారు దగ్గర ‘అన్ని ప్లేయర్లలో ఆడుతుంది’ అన్న మాట నమ్మి వేరే కొరియన్ సినిమా డిస్కొకటి తెప్పించాను. కస్టమ్స్ సుంకం కట్టాను, అట్టపెట్టె విప్పాను, లోపల పెట్టాను. తెర మీద ఒకే ఒక్క వాక్యం: ఈ డిస్కు మీ ప్రాంతానికి కాదు. అందమైన పెట్టె, లోపల చక్కటి పుస్తకం, అదీ మొత్తం కొరియన్‌లో. వెనక్కి తీసుకోమంటే జవాబే లేదు. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ ఉన్నవాళ్ళు, కంప్యూటర్‌కి బ్లూరే డ్రైవ్ తగిలించుకున్నవాళ్ళు ఈ పేరా వదిలేయొచ్చు. 4కె డిస్కులకు మాత్రం ఈ రీజియన్ గొడవ లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు బ్లూరేతోనూ చిక్కు లేదు, వాళ్ళదీ కొరియాదీ ఒకే ‘ఎ’ కాబట్టి. ఇంకోటి, కొరియా డిస్కుల్లో సినిమాకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నా, దర్శకుడి కామెంటరీకి, ఇంటర్వ్యూలకి చాలాసార్లు ఉండవు. అవి చూసి కొనొద్దు.

ఇక ‘వన్ ఫైన్ స్ప్రింగ్ డే’. కొరియన్‌లో దీని పేరుకి అర్థం ‘వసంతం వెళ్ళిపోతుంది’ అని. నాకు ఆ పేరే ఇష్టం. సాంగ్-వూ శబ్దాలు రికార్డు చేసే కుర్రాడు. ఉన్-సు గంగ్నుంగ్ అనే ఊళ్ళో రేడియోలో పనిచేస్తుంది. రేడియో కార్యక్రమం కోసం ఇద్దరూ ఊళ్ళు తిరిగి వెదురు తోపులో గాలి చప్పుడు, వాగు చప్పుడు, గుడి చూరుకి కట్టిన గంట చప్పుడు పట్టుకుంటారు. ప్రేమ ఆ చప్పుళ్ళ మధ్యే పుడుతుంది, తర్వాత మామూలుగా, ఎవరి తప్పూ పెద్దగా లేకుండానే చల్లారిపోతుంది. ఒకరోజు వాగు దగ్గర ఉన్-సు తనకు తెలీకుండానే కూనిరాగం తీస్తుంది, అదీ రికార్డయిపోతుంది. అన్నీ అయిపోయాక సాంగ్-వూ ఆ టేపు వింటాడు.

ఈ సినిమాని నేను రెండుసార్లు రెండు రకాలుగా చూశాను. ఓసారి స్నేహితుడింట్లో, పెద్ద టీవీ, డిస్కు, టీవీ వెనక బిగించిన చిన్న స్పీకర్లు. వెదురు తోపు సీను వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది, పక్కింట్లో కుక్కర్ కూత. గాలి చప్పుడు ఎక్కడ? ఇంకోసారి లాప్‌టాప్‌లో స్ట్రీమింగ్, బొమ్మ అంతంతమాత్రం, రాత్రి ఒంటిగంట, చెవులకు మంచి హెడ్‌ఫోన్స్. వెదురాకులు ఒక చెవి నుంచి ఇంకో చెవికి పారాయి. ఎవరూ మాట్లాడని ఆ కొద్దిసేపట్లో వాళ్ళిద్దరూ ఏం వింటున్నారో నాకూ వినపడింది. సాంగ్-వూ తల మీద కూడా హెడ్‌ఫోన్సే ఉన్నాయన్న సంగతి అప్పుడు గమనించాను. డిస్కులో శబ్దాన్ని ఓటీటీలో కన్నా తక్కువగా కుదిస్తారు, నిజమే. దాన్ని బయటికి తెచ్చేది పనికిరాని స్పీకరైతే ఏం లాభం? ఈ సినిమాకి డిస్కా ఓటీటీనా అన్నది రెండో ప్రశ్న. మొదటిది హెడ్‌ఫోన్స్ ఉన్నాయా అని. డిస్కూ హెడ్‌ఫోన్సూ రెండూ ఉంటే అంతకన్నా కావలసిందేముంది. ఒకటే కొనగలిగితే హెడ్‌ఫోన్స్ కొనండి.

శబ్దం మాట వచ్చింది కాబట్టి పాత డీవీడీల గురించి మరో జాగ్రత్త. యూరప్ డీవీడీలు చాలావరకు పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 25 చేసి పరిగెత్తిస్తారు. 97 నిమిషాల సినిమా 93కి దిగుతుంది. నాలుగు నిమిషాలు పోతే పోనీ, గొంతుల శ్రుతి కూడా కాస్త పైకి లేస్తుంది. యాక్షన్ సినిమాలో ఎవరికీ పట్టదు. కూనిరాగం మీద నిలబడ్డ సినిమాలో నాకు పట్టింది. కొరియా, అమెరికా డీవీడీలు ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఈ బెడద లేదు.

సబ్‌టైటిల్స్ విషయంలో మాత్రం ఎవరికీ ఓటు వేయలేను. తెలుగులో లేవు, ఇంగ్లిషే గతి. ఆ ఇంగ్లిష్‌లో మనకు తెలిసిన సంగతే పోతుంది. దారిమ్ జంగ్-వన్‌ని ‘అజషీ’ అంటుంది. అంకుల్ అనుకోవచ్చు, కానీ ఆ పిల్ల నోట్లో అది కొంత ఆటపట్టింపు, కొంత చనువు. ‘వన్ ఫైన్ స్ప్రింగ్ డే’లో ఉన్-సు మొదట్లో ‘రామ్యన్ (నూడుల్స్) తింటారా?’ అని మర్యాదగానే అడుగుతుంది. కొరియాలో ఆ మాట తర్వాత కొంచెం మారి, ఇంటికి పిలిచే కొంటె సామెతలా స్థిరపడిపోయింది. విడిపోయే చోట సాంగ్-వూ ‘ప్రేమ ఎలా మారిపోతుంది?’ అని అడిగేది చనువున్నవాళ్ళతో మాట్లాడే తీరులో. మీరు, నువ్వు తేడా ఉన్న భాష మనది, చెవి పెట్టి వింటే వాక్యం చివర మర్యాద చూపే ‘యో’ ఉందో లేదో పట్టుకోవచ్చు. మర్యాద కరిగి చనువయ్యింది, చనువయ్యేసరికి ప్రేమ పోయింది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ ప్రయాణం కనిపించదు.

దొరకడం సంగతి కూడా చూడాలి. ఓటీటీల్లో పాత కొరియన్ సినిమాలు హక్కుల గడువున్నంత కాలమే ఉంటాయి. వాచ్‌లిస్టులో పెట్టుకుని సంక్రాంతి సెలవుల్లో చూద్దామనుకుంటే అప్పటికి బూడిదరంగు పెట్టె మిగులుతుంది. అందుకే మొదటిసారి చూడటానికి ఎక్కడ కనిపిస్తే అక్కడ, ఆ వారమే చూసేయాలి. ఇంకా పాతవి కావాలంటే కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ యూట్యూబ్‌లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఉచితంగానే పెడుతోంది, పైగా సక్రమంగా. డిస్కు రెండోసారి కోసం. రెండోసారి చూడాలనిపించని సినిమాకి ఎంత అందమైన పెట్టె వచ్చినా కొననవసరం లేదు, నా అల్మరాలో అలాంటివి ఓ వరస ఉన్నాయి.

ఇంట్లో ఆ మెషిన్ నొక్కేదెవరన్నది కూడా చూసుకోవాలి. మా నాన్నకు పాత డీవీడీ ప్లేయర్ కోసం ఎప్పుడో ఓ కాగితం రాసిచ్చాను, నాలుగు లైన్లు. మొన్న ఊరెళ్ళినప్పుడు కూడా దాన్ని చూసే పెట్టుకుంటున్నాడు. ఓటీటీ కోసం రాసిచ్చిన రెండో కాగితం కూడా టీవీ పక్కనే అంటించి ఉంది. మూడో లైనులో నేను నొక్కమన్న బటన్ ఇప్పుడు ఆ యాప్‌లో లేదు.